టేకాఫ్‌లో ఇంజిన్ సగం చచ్చింది, చేలో దించేశాను. తప్పా?

కొత్తరెక్క:
పోయిన వారం సోలోలో, అంటే ఒక్కదాన్నే ఎగురుతుంటే, జరిగింది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ రెండు నిమిషాలు వణికి, తర్వాత సర్దుకుంది. రన్-అప్‌లో (ఎగిరే ముందు చేసే ఇంజిన్ పరీక్ష) స్పార్క్ ఇచ్చే మాగ్నెటోలు రెండూ బాగానే ఉన్నాయి, బయలుదేరాను. దాదాపు 300 అడుగుల దగ్గర డబడబా కొట్టుకోవడం మొదలైంది. మీటర్లలో సూదులు కనబడనంత ఊపు. 2,400 మీదున్న ఆర్‌పీఎమ్ 1,800కి పడింది. పూర్తిగా ఆగిపోలేదు, అదే గొడవ! ఆగిపోయుంటే అసలు ఆలోచించేదాన్నే కాదు. ముక్కు దించి, ఎదురుగా కొంచెం ఎడమకి ఉన్న దున్నిన చేలో దించేశాను. ముందు చక్రం దిగబడి విరిగింది, ప్రొపెల్లర్ వంగింది. నాకు బెల్టు ఒరుసుకున్న గీత తప్ప ఏం కాలేదు.

ఇప్పుడు ఒక సీనియర్ "ఇంజిన్ తిరుగుతూనే ఉందిగా, మెల్లగా చుట్టి తెస్తే రన్‌వే మీదే దిగేదానివి, బంగారంలాంటి విమానం పాడుచేశావ్" అంటున్నారు. పడుకుంటే అదే మాట. నిజంగా తప్పు చేశానా?

పాత ఇన్‌స్ట్రక్టర్:
లేదమ్మా. ఆయన్ని ఒక లెక్క వేయమను. 70 నాట్ల మీద 45 డిగ్రీలు వాల్చి తిరిగినా, సగం చుట్టు అయ్యేసరికి రన్‌వేకి పావు కిలోమీటరు పక్కన తేలతావు. మళ్లీ దానివైపు తిరగాలి, మళ్లీ సరిచేసుకోవాలి. ఆ వాలులో స్టాల్ వేగం, అంటే ఏ వేగం కన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవో అది, 19 శాతం పెరుగుతుంది. నేల మీదికొస్తుంటే చెయ్యి దానంతటదే ముక్కు ఎత్తడానికి యోక్‌ని (విమానం స్టీరింగ్) వెనక్కి లాగేస్తుంది. ఆ ఎత్తులో స్టాలై స్పిన్‌లో (గిరగిరా తిరుగుతూ కూలడం) పడితే ఇంక తేరుకోవడానికి చోటుండదు.

ఆస్ట్రేలియా రవాణా భద్రతా బ్యూరో దీనిమీద ఓ చిన్న పుస్తకమే వేసింది. టేకాఫ్‌లో ఇంజిన్ పూర్తిగా పోవడం కన్నా సగం పోవడమే మూడు రెట్లు ఎక్కువట. మేమేమో థ్రాటిల్ మొత్తం మూసేసి "ఇంజిన్ పోయింది" అని నేర్పిస్తాం. ఈ సగం చావు సంగతి చెప్పం. అది మా లోపమే.

వారాంతపు పైలట్:
ఎత్తు నిలబడుతుంటే తిరగొచ్చు కదా సార్?

పాత ఇన్‌స్ట్రక్టర్:
వేగం తగ్గకుండా నిలబడితే, తక్కువ వాలుతో సరే. కానీ అలా కొట్టుకునే ఇంజిన్ ఇంకో పది సెకన్లు తిరుగుతుందని ఎవరు హామీ ఇస్తారు?

షెడ్ మెకానిక్:
నా కన్ను ఆ పొద్దుటి వణుకు మీద పడింది. మేం దీన్ని 'మార్నింగ్ సిక్‌నెస్' అంటాం. ఎగ్జాస్ట్ వాల్వ్ గైడులో, అంటే పొగ వదిలే వాల్వ్ కాడ జారే గొట్టంలో, నూనె మాడి గట్టిపడుతుంది. చల్లగా ఉన్నప్పుడు వాల్వ్ కాడ అందులో పట్టేస్తుంది, వేడెక్కాక వదులుతుంది, అందరూ మర్చిపోతారు. అప్పటికి వదిలేసి ఉంటుంది కాబట్టి మాగ్నెటో చెక్‌కీ దొరకదు. ఒకరోజు ఎగురుతుండగా పట్టేస్తుంది, దాన్ని తోసి తెరిచే పుష్‌రాడ్ వంగుతుంది. విప్పకుండా ఒట్టేయను గానీ, రాడ్లు తీయించి గాజు బల్ల మీద దొర్లించమనండి. వంగినది ఎగిరెగిరి పడుతుంది.

కొత్తరెక్క:
ఇవాళ విప్పారు. దొర్లించే పనే పడలేదు, మూడో సిలిండర్ రాడ్ అరటికాయలా ఉంది. అదే వారంలో ఇంకో ఇద్దరికి కూడా పొద్దున వణికిందట. డిఫెక్ట్ లాగ్ (విమానం లోపాలు రాసే పుస్తకం) తిరగేశాను. వాళ్లూ రాయలేదు, నేనూ రాయలేదు.