చన్నీటి డైవింగ్‌కు డ్రై సూట్ ఎంపిక: ట్రైలామినేటా, నియోప్రీనా?

హనుమకొండ వాసి:

మిత్రులకు నమస్కారం. విశాఖపట్నంలో స్కూబా డైవింగ్ నేర్చుకొని, ఆ తరువాత అండమాన్‌లోని స్వరాజ్ ద్వీపంలోనూ, కర్ణాటకలోని నేత్రాణి దగ్గరా 3 మిల్లీమీటర్ల వెట్ సూట్‌తో (లోపలికి కొద్దిగా నీరు చేరే రబ్బరు దుస్తులతో) డైవ్ చేశాను. అంటే నాకు తెలిసినదంతా వెచ్చటి నీరే. ఇప్పుడు ఉద్యోగరీత్యా రెండేళ్ల పాటు ఇంగ్లండులోని లెస్టర్‌లో ఉండవలసి వస్తున్నది. ఆ ప్రాంతంలోనే ఉన్న స్టోనీ కోవ్ మన కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల వంటి పాత రాతి క్వారీయేననీ, నీరు నిండిన తరువాత డైవింగ్ కేంద్రంగా మారిందనీ, అయితే చలికాలంలో ఆ నీరు ఐదారు డిగ్రీలకు చల్లబడుతుందనీ అక్కడి సహోద్యోగులు చెబుతున్నారు. వీలు కుదిరితే, 1919 జూన్ 21న జర్మన్ నౌకాదళం తన నౌకలను తానే ముంచుకున్న స్కాట్లండ్‌లోని స్కాపా ఫ్లోనూ, ఐస్లాండ్‌లో నీరు నిండిన సిల్‌ఫ్రా పగులునూ చూడాలని ఉంది. ఇంత చన్నీటికి, ఒంటికి నీరు తగలనివ్వని డ్రై సూట్ కొనాలనుకుంటున్నాను.

నా సందేహాలు ఇవి. ట్రైలామినేట్ సూట్ తీసుకోవాలా, నియోప్రీన్ సూట్ తీసుకోవాలా? కొత్తది కొనడమే మంచిదా, వాడినది కొనవచ్చునా? రెండేళ్ల తరువాత ఇంటికి తెచ్చుకుంటే ఇక్కడ ఏమైనా ఉపయోగపడుతుందా, కనీసం మన ఎండలకు పాడవకుండా నిలుస్తుందా? నా ఎత్తు ఐదడుగుల అయిదంగుళాలు, మనిషిని సన్నం.

మానేటి ఒడ్డు:

నమస్కారమండీ. మాది కరీంనగర్. చాలా కాలంగా నార్వేలోని బెర్గెన్‌లో ఉంటూ ఏడాది పొడవునా డ్రై సూట్‌తోనే డైవ్ చేస్తున్నాను కనుక, నాకు తెలిసినంతలో చెబుతాను.

డ్రై సూట్ పని నీటిని బయట ఆపడం వరకే. వెచ్చదనం దాని లోపల మీరు తొడుక్కునే అండర్ సూట్ నుంచీ, ఆ బట్టల్లో నిలిచే గాలి నుంచీ వస్తుంది. నీరు ఒంటి వేడిని గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది కాబట్టి, ఐదు డిగ్రీల నీటిలో అరగంట పైన ఉండదలచినవారు ముందు అండర్ సూట్ ఏదో తేల్చుకొని, దాని మీద ఇబ్బంది లేకుండా పట్టే సూట్‌ను వెతుక్కోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఒంటికి ఆనుకొని మెరినో ఉన్ని లోదుస్తులు, వాటిపైన థిన్సులేట్ (వేడిని పట్టి ఉంచే సన్నని పీచు) నింపిన మందమైన అండర్ సూట్ వేసుకుంటే స్టోనీ కోవ్ చలికాలానికి సరిపోతుంది. నూలు బనియన్ మాత్రం వద్దు. చెమటను పట్టి ఉంచి డైవ్ చివర్లో వణికిస్తుంది.

ఇక నియోప్రీన్ సంగతి. అది నురుగు వంటి రబ్బరు. అందులో ఉండే సన్నని గాలి బుడగలే దానికి వెచ్చదనాన్నీ, తేలే గుణాన్నీ ఇస్తాయి. 30 మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి నాలుగు రెట్లు అవుతుంది కనుక ఆ బుడగలు నలిగిపోయి, చలి ఎక్కువగా ఉండే లోతులోనే సూట్ పలచబడుతుంది. ముందే ఒత్తి తయారుచేసిన క్రష్డ్ నియోప్రీన్‌లో ఈ లోపం చాలా తక్కువ. దాని ధర మాత్రం ఎక్కువ. ట్రైలామినేట్ అంటే రెండు నైలాన్ లేదా పాలియెస్టర్ పొరల మధ్య బ్యూటైల్ రబ్బరు పొర ఉన్న గుడ్డ. దానికి సొంత వెచ్చదనం లేదు కానీ లోతుతో దాని స్వభావం మారదు. తేలికగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది, విమానంలో తీసుకెళ్లడం సులభం, లోపలి బట్టలు మార్చుకుంటే వేసవికీ చలికీ ఒకటే సూట్ సరిపోతుంది. చిల్లు పడితే గాలి నింపి సబ్బునీళ్లు రాస్తే బుడగలు ఎక్కడ వస్తున్నాయో కనబడుతుంది, ఇంట్లోనే అతుకు వేసుకోవచ్చు. నియోప్రీన్‌కు ఒక మంచి గుణం ఉంది: సూట్‌లోకి నీరు చేరినా కొంత వెచ్చదనం మిగులుతుంది, ఒంటికి అతుక్కుని ఉండడం వల్ల ఈదడం కూడా సులువు. అయినా ఐదు డిగ్రీల సిల్‌ఫ్రాకూ, పదమూడు డిగ్రీల వేసవి నీటికీ ఒకే సూట్ కావాలనుకునే మీకు ట్రైలామినేటే తగినదని నా అభిప్రాయం.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసినది ఇంకొకటి ఉంది. నీరు లోపలికి రాకుండా మెడ దగ్గరా మణికట్ల దగ్గరా బిగుతుగా పట్టి ఉండే లేటెక్స్ (పలచటి రబ్బరు) సీళ్లకు నూనె తగిలితే ఆ రబ్బరు మెత్తబడి చెడిపోతుంది. తలకు కొబ్బరినూనె రాసుకున్న చేతులతో సీల్ లాగకూడదు. ఒక్క వెంట్రుక సీల్ కింద ఇరుక్కున్నా నీరు లోపలికి దారి చేసుకుంటుంది. ఆడవాళ్లు మంగళసూత్రం గొలుసు సీల్ అంచు దాటకుండా లోపలికి జారవిడవడమో, తీసి పెట్టడమో చేయాలి. సీళ్లకు పూసే టాల్కం పౌడర్ కూడా సువాసన లేనిదై ఉండాలి.

ఓరుగల్లు డైవర్:

పై వివరణతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక సవరణతో. సిల్‌ఫ్రా నీరు ఐదు డిగ్రీలు కూడా ఉండదు, ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీల మధ్యే ఉంటుంది. అక్కడి నిర్వాహకులు డ్రై సూట్ తామే ఇస్తారు, కాకపోతే డ్రై సూట్ శిక్షణ పొందినట్టు ధ్రువపత్రమో, తగిన అనుభవం ఉన్నట్టు రుజువో అడుగుతారు. కాబట్టి సిల్‌ఫ్రా కోసం సూట్ కొనవలసిన పని లేదు, శిక్షణ కావాలి.

లెస్టర్ చేరగానే కొనవద్దనే నా సలహా. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ వారి డ్రై సూట్ కోర్సులో ముందు ఈత కొలను వంటి చోట సాధన, తరువాత బయట నీటిలో రెండు డైవ్‌లు ఉంటాయి. బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్ శాఖల్లోనూ ఈ శిక్షణ దొరుకుతుంది. అద్దె సూట్లతో ఆ మెట్టు దాటిన తరువాత మీ ఒంటికి ఏది నప్పుతుందో మీకే తెలుస్తుంది. దిగేకొద్దీ సూట్ ఒంటిని నొక్కేస్తుంది కనుక ఛాతీ మీది వాల్వ్‌తో గాలి చేర్చాలి, పైకి వచ్చేటప్పుడు వ్యాకోచించే ఆ గాలిని ఎడమ భుజం మీది వాల్వ్ ద్వారా వదలాలి. గాలి సూట్ కాళ్లలోకి చేరి మనిషి తలకిందులుగా పైకి తేలిపోతే ఎలా నిలదొక్కుకోవాలో చదివి నేర్చుకునేది కాదు, పక్కన శిక్షకుడు ఉండగా చేసి చూడవలసినది.

కొలతల విషయంలో పట్టుబట్టండి. ఐరోపా సైజులు పొడవాటి మనుషుల కోసం కత్తిరించినవి కావడం వల్ల మీ ఎత్తు ఉన్నవారికి కాళ్లు, నడుము దగ్గర గుడ్డ మిగిలిపోతుంది. ఆ మిగులులో గాలి చేరి, పాదాలు తేలి, ఫిన్స్ (పాదాలకు తొడిగే ఈత రెక్కలు) ఊడివస్తాయి. దుకాణంలో అండర్ సూట్ వేసుకునే ప్రయత్నించండి. గొంతుక్కూర్చోవాలి, రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా వేసి భుజాలు పట్టుకోవాలి, వెనక సిలిండర్ వాల్వ్ దాకా చెయ్యి అందాలి. వీటిలో ఏది కుదరకపోయినా ఆ సూట్ మీది కాదు. డబ్బు సర్దగలిగితే కొలిచి కుట్టించుకోవడమే మేలు. భుజాల వెనక జిప్ ఉంటే ప్రతిసారీ ఇంకొకరు వేయాలి, ముందు ఏటవాలుగా ఉండే జిప్ మీరే వేసుకోవచ్చు.

వాడిన సూట్ కొనేటట్లయితే ముందు జిప్ చూడండి. సీళ్లు ఎలాగూ అరిగి మార్చవలసినవే. జిప్ మార్పించడానికి మాత్రం కొన్నిసార్లు సూట్ ధరలో మంచి భాగం పోతుంది. పళ్లు వంగినా, పక్క గుడ్డ పీచులు లేచినా వదిలేయండి. మెడ సీల్ మరీ బిగుతుగా ఉంటే మెడలోని రక్తనాళాల మీద ఒత్తిడి పడి కళ్లు తిరుగుతాయి కనుక, కొత్త సీల్‌ను రాత్రంతా మొన లేని స్టీల్ డబ్బాకు తొడిగి సాగదీయడమో, అంచును కొద్దికొద్దిగా కత్తిరించడమో చేస్తారు. సన్నని మణికట్టు ఉన్నవారు పిడికిలి బిగిస్తే మణికట్టు లోపలి స్నాయువులు లేచి సందు ఏర్పడుతుంది; అందుకు నియోప్రీన్ సీల్ కన్నా లేటెక్స్, సిలికాన్ బాగా పడతాయి. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌ను మరచిపోవద్దు: ఐరోపా ప్రమాణం ఈఎన్ 250 ప్రకారం 10 డిగ్రీల లోపు నీరు చన్నీరే, దానికి తగినది కాకపోతే మంచు కట్టి గాలి ఆగకుండా బయటికి పోతుంది.

సింగరేణి బిడ్డ:

ఇక్కడ ఉపయోగపడుతుందా అన్న ప్రశ్నకు నా జవాబు: సరదా డైవింగ్‌కు లేదు. లక్నవరంలోనో లోయర్ మానేరులోనో ఈ సూట్ వేసుకుంటే నీటిలో దిగకముందే వడదెబ్బ తగులుతుంది. చలి కాకుండా మురుగు, రసాయనాలు ఉన్న నీటిలో వెతికే సహాయక బృందాలు వాడే డ్రై సూట్లు వేరు. వల్కనైజ్డ్ రబ్బరుతో చేసిన ఆ సూట్లను కడిగి శుభ్రపరచడం తేలిక. మీరు కొనబోయేది ఆ పనికి కాదు.

హనుమకొండ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. శిక్షణ పూర్తయ్యేదాకా అద్దె సూట్‌తో సరిపెట్టుకొని, ఆ తరువాత ముందు జిప్ ఉన్న ట్రైలామినేట్ కుట్టించుకోవాలని అనుకుంటున్నాను. సీళ్లు లేటెక్స్‌వే పెట్టించాలా? సెలవుల్లో సూట్ ఇంటికి తెచ్చినప్పుడు ఎక్కడ పెట్టాలి?

మానేటి ఒడ్డు:

మన ఊళ్లో కూడా దాచేటట్లయితే సిలికాన్ సీళ్లు పెట్టించండి. వేడికి లేటెక్స్ త్వరగా జిగటబడుతుంది, పగుళ్లిస్తుంది. సిలికాన్ అంత తొందరగా చెడదు, ఎలర్జీ ఉన్నవారికీ పడుతుంది. కానీ దాన్ని జిగురుతో అతికించలేరు, రింగుతో బిగించే పద్ధతి ఉండాలి కనుక కుట్టించేటప్పుడే ఆ రింగులు పెట్టించుకోండి. అప్పుడు చిరిగిన సీల్‌ను మీరే నిమిషాల్లో మార్చుకోవచ్చు. ఇంట్లో సజ్జ మీద పెట్టవద్దు, మే నెలలో పైకప్పు వేడంతా అక్కడే నిలుస్తుంది. కూలర్ మోటారు, ఇన్వర్టర్ ఉన్న గదీ వద్దు. మోటార్ల నుంచి వచ్చే ఓజోన్ రబ్బరును తినేస్తుంది. మంచినీళ్లతో కడిగి, లోపలా బయటా నీడలో ఆరబెట్టి, ఇత్తడి జిప్ అయితే పళ్లకు మైనం రుద్ది, వదులుగా చుట్టి, కింది అల్మారాలో చీకట్లో ఉంచండి. జిప్ దగ్గర మడత పడకూడదు. ప్లాస్టిక్ జిప్ అయితే మైనం కాదు, దానితో వచ్చిన గ్రీజును మూసుకునే చివర కొద్దిగా రాస్తే చాలు.