అప్‌డేట్: లిపిడ్ల గురించి నా సందేహం తీరింది

పోయిన వారం అడిగాను కదా, కార్బోహైడ్రేట్లు, ప్రోటీన్లు, న్యూక్లిక్ ఆమ్లాలు (డీఎన్‌ఏ లాంటివి), లిపిడ్లు (కొవ్వుల్లాంటివి) అన్నిటినీ జీవుల ఒంట్లోని పెద్ద అణువులంటూ ఒకే గాటన ఎందుకు కడతారని, లిపిడ్లు వేరేగా ఉన్నాయి కదా అని. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. నా అనుమానం మరీ తప్పేం కాదట. మొదటి మూడింటిలో పెద్ద అణువులు చిన్న యూనిట్లు గొలుసులా కలిసి ఏర్పడతాయి. కొవ్వు అణువు మాత్రం గ్లిసరాల్ అనే ఒక చిన్న అణువుకు మూడు ఫ్యాటీ ఆమ్లాలు అతుక్కోవడమే, గొలుసేం లేదు. ఒంట్లో శక్తి నిల్వకూ, కణాల పొరలకూ లిపిడ్లే ముఖ్యం కాబట్టి ఆ జాబితాలో చేర్చేశారు.

నన్ను నిజంగా కుదిపింది మాత్రం ప్రోటీన్ల సంగతి. రక్తంలో ఆక్సిజన్ మోసే ప్రోటీన్ హిమోగ్లోబిన్. దానిలోని బీటా అనే గొలుసులో 146 అమైనో ఆమ్లాలు (ప్రోటీన్ గొలుసులోని చిన్న యూనిట్లు) ఉంటాయి. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వచ్చిందనుకోండి, సికిల్ సెల్ జబ్బుకు మూలం అదే. ఆక్సిజన్ వదిలేశాక ఆ హిమోగ్లోబిన్లు ఒకదానికొకటి అంటుకుని పోగులవుతాయి, గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. ఒక్క అక్షరం తేడా, అంతే! ఆ తేడా మొదలయ్యేది డీఎన్‌ఏలో అని తెలిశాక న్యూక్లిక్ ఆమ్లాల పాఠం కూడా దానంతటదే ఎక్కేసింది.

ఇక కార్బోహైడ్రేట్ల సంగతి: పిండిపదార్థం (స్టార్చ్), సెల్యులోజ్ (మొక్కల్లోని పీచు) రెండూ గ్లూకోజ్ గొలుసులే అయినా రెండోది మనకెందుకు అరగదో ఇంకా చదువుతున్నాను. బంధం తీరు వేరు, దాన్ని తెంచే ఎంజైమ్ మన ఒంట్లో తయారవదు అన్నంతవరకు అర్థమైంది.