ఆటోక్లేవ్ అయ్యాక కూడా సక్షన్ ట్యూబ్‌లోంచి గోధుమరంగు పలుకులు, ఏం చేయాలి?

చిత్తూరు ఓటీ టెక్నీషియన్:
అందరికీ నమస్తే. చిత్తూరులో ఒక చిన్న నర్సింగ్ హోమ్ ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో ఈమధ్యే చేరాను. సిజేరియన్లు, హెర్నియాలు, అప్పుడప్పుడూ ల్యాప్రోస్కోపీ ఉంటాయి. నిన్న ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిములను చంపే మెషీన్‌లో, పెట్టి తీసిన ప్యాక్ విప్పి, ఆపరేషన్‌లో రక్తం లాగే సక్షన్ ట్యూబ్‌లోకి సిరంజితో స్టెరైల్ నీళ్ళు కొడితే కొసనుంచి గోధుమరంగు పలుకులు రాలాయి. ప్యాక్ మీద అంటించే, వేడి ఆవిరికి రంగు మారే ఇండికేటర్ టేపు మాత్రం బాగానే నల్లబడింది. ట్యూబ్ పక్కన పెట్టేసి వేరేది ఇచ్చాను. "121 డిగ్రీల్లో ఉడికాక ఏం బతుకుతుంది?" అంటున్నారు సీనియర్లు. నాకు మనసొప్పడం లేదు. ఇక్కడ కేసు అవగానే సామానంతా సెలైన్‌లో వేసి, సాయంత్రం ఉడుకునీళ్ళతో కడుగుతారు. తేడా ఎక్కడ వస్తోంది?

తిరుపతి సీఎస్‌ఎస్‌డీ అక్క:
తమ్ముడూ, నేను సీఎస్‌ఎస్‌డీలో, అంటే ఆసుపత్రి సామాను కడిగి స్టెరైల్ చేసే విభాగంలో, ఉంటాను. ఆ ట్యూబ్ ఇవ్వకుండా మంచి పని చేశావు. టేపు నల్లబడిందంటే ప్యాకెట్‌కు ఆవిరి, వేడి తగిలాయని మాత్రమే. ట్యూబ్ లోపల ఏం జరిగిందో టేపుకు తెలియదు. ఆవిరి నేరుగా తాకినచోటే క్రిమి చస్తుంది, ఎండిన రక్తం పొర కింద ఉన్నదానికి అది అందదు. చచ్చిందనే అనుకుందాం. ఆ పలుకు ఇంకొకరి కడుపులో పడితే?

సెలైన్ మానెయ్యండి. అందులోని ఉప్పు స్టీల్‌ను తిని సన్న గుంటలు చేస్తుంది, ఇక రక్తం వాటిలోనే చేరుతుంది. ఉడుకునీళ్ళు తగిలితే కోడిగుడ్డు తెల్లసొన లాగే రక్తం గట్టిపడి గోడకు పట్టేస్తుంది. కడగకముందే గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక మందులో ముంచినా అంతే. కేసు నడుస్తుండగానే మధ్యమధ్యలో గిన్నెలోని స్టెరైల్ నీళ్ళను సక్షన్‌తో లాగమని సిస్టర్‌కు చెప్పు. సగం పని అక్కడే అయిపోతుంది. తర్వాత కడిగేదాకా సామాను ఎండిపోకూడదు.

అసలు కథ బ్రష్‌ది. సన్నదైతే గోడకు తగలదు, లావైతే కుచ్చు మడతపడి ఊరికే జారిపోతుంది. ట్యూబ్ లోపలి వెడల్పు కొలిచి దానికి సరిపోయేది తెప్పించుకో. ట్యూబ్‌ను ఎంజైమ్ కలిపిన గోరువెచ్చని నీళ్ళలో ముంచి, లోపల గాలి బుడగ మిగలకుండా సిరంజితో నింపి, సీసా మీద రాసినంత సేపు నాననివ్వు. నీళ్ళ అడుగునే తోము, పైకెత్తి తోమితే తుంపర మొహాన పడుతుంది. కుచ్చు అవతలి కొస దాటి బయటికి రావాలి. వచ్చాక దాన్ని కడిగి, అప్పుడు వెనక్కి లాగు. లేకుంటే తీసిన మురికినే మళ్ళీ లోపలికి ఈడ్చుకొస్తావు. కుచ్చు శుభ్రంగా వచ్చేదాకా ఇదే పని. సక్షన్ తగ్గించడానికి, పెంచడానికి ట్యూబ్ మీద వేలితో మూసే చిన్న రంధ్రాన్ని చాలామంది వదిలేస్తారు, మురికి ఆగేది అక్కడే. ట్రోకార్లయితే (ల్యాప్రోస్కోపీలో పొట్టలోకి దించే గొట్టాలు) వాల్వు, స్టాప్‌కాక్ అనే చిన్న కుళాయి విప్పకుండా కడిగినా ఒకటే, కడగకపోయినా ఒకటే.

చివరి కడుగు ఆర్‌ఓ నీళ్ళతో. మన బోరు నీళ్ళకు తెల్లపొర కడుతుంది.

బయోమెడికల్ అన్న:
అక్క చెప్పినదానికి ఒక్క మాట కలుపుతా. మీ ఆటోక్లేవ్‌కు వాక్యూమ్ పంపు ఉందా? పంపు లేని మామూలు గ్రావిటీ మెషీన్‌లో సన్న గొట్టాల్లోని గాలి పూర్తిగా బయటికి పోదు. గాలి ఉన్నచోటికి ఆవిరి రాదు. ట్యూబులకు ముందే పంపుతో గాలి లాగేసి ఆవిరి పంపే 134 డిగ్రీల ప్రీ-వాక్యూమ్ సైకిలే నమ్మకం. దాన్ని హెలిక్స్ టెస్టుతో చూసుకోవచ్చు. 1.5 మీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టం చివర ఇండికేటర్ పెట్టి సైకిల్ నడుపుతారు. దాని రంగు పూర్తిగా మారితే ఆవిరి చివరిదాకా చేరినట్టు.

చిత్తూరు ఓటీ టెక్నీషియన్:
థాంక్స్ అక్కా, అన్నా. మాది గ్రావిటీదే. మేనేజ్‌మెంట్‌తో మాట్లాడతాను. తోమాక లోపల శుభ్రమైందని ఎలా తెలుస్తుంది అక్కా? కంటికి ఏమీ కనబడదు కదా.

తిరుపతి సీఎస్‌ఎస్‌డీ అక్క:
3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ సిరంజితో లోపలికి పంపు. నురగ వస్తే రక్తం ఇంకా ఉన్నట్టే, మళ్ళీ ఎంజైమ్‌లో వెయ్యి. చూశాక పెరాక్సైడ్ మిగలకుండా కడిగి, లోపలికి గాలి కొట్టి ఆరబెట్టి ప్యాక్ చెయ్యి. ఎన్నిసార్లు తోమినా నురగ ఆగకపోతే ఆ ట్యూబ్ తీసేసి కొత్తది కావాలని స్టోర్స్‌కు ఇండెంట్ పెట్టు. బాగా సన్న గొట్టాలు (క్యాన్యులాలు) మాత్రం ఒక్కసారి వాడి పారేసేవే తెప్పించమను, వాటిలో బ్రష్ దూరదు.