అప్‌డేట్: ఆరు రంధ్రాల ప్లేట్‌కి కొలతలు ఎక్కడి నుంచి ఇవ్వాలి?

వరుసగా ఆరు బోల్టు రంధ్రాలున్న ప్లేట్ డ్రాయింగ్‌లో కొలతలు గొలుసులా (ప్రతి రంధ్రానికీ దాని ముందు రంధ్రం నుంచి) ఇవ్వాలా, ఒకే అంచు నుంచి ఇవ్వాలా అని అడిగాను కదా. సమాధానమిచ్చిన అందరికీ చాలా థాంక్స్. బాలానగర్‌లో మాకు జాబ్ వర్క్ చేసే వర్క్‌షాప్‌కి కొత్త డ్రాయింగ్ ఇచ్చాం, ప్లేట్లు చక్కగా కూర్చున్నాయి.

కస్టమర్ పాత డ్రాయింగ్‌లో పక్కపక్క రంధ్రాల మధ్య దూరానికి టాలరెన్స్ (అనుమతించే తేడా) ±0.1 మి.మీ. ఉండేది. ఐదు దూరాలు కలిస్తే మొదటి రంధ్రానికీ చివరిదానికీ మధ్య ±0.5 దాకా తేడా రావచ్చు. ప్రతి కొలతా టాలరెన్స్‌లోనే ఉంటుంది, అయినా బోల్టు దూరదు! ఇప్పుడు అదే ±0.1తో అన్నీ ఎడమ అంచు నుంచి ఇచ్చాం. ఈ ఆరింటిలో ఏ రెండింటి మధ్యైనా ±0.2 దాటదు.

అన్నిటికంటే పనికొచ్చిన సలహా రెండు డోవెల్ రంధ్రాల (ప్లేట్‌ని కచ్చితమైన చోట నిలిపే పిన్నులు దూరేవి) గురించి. ఆ రెండింటికి ±0.2 చాలా ఎక్కువ. అందుకే వాటి మధ్య దూరాన్ని నేరుగా ±0.02తో ఇచ్చి, రెండోదానికి అంచు నుంచి కొలతను బ్రాకెట్లలో రిఫరెన్స్‌గా (టాలరెన్స్ లేకుండా, సమాచారం కోసం) మాత్రమే పెట్టాం.

క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో కొలతలను తనంతట తానే పెట్టే ఆటో డైమెన్షన్ జోలికి పోలేదు. ఏ భాగం దేనికి బిగుస్తుందో దానికి తెలియదు, అది మనమే చూసుకోవాలి. డ్రాయింగ్‌లో పై, పక్క వ్యూలను అమర్చే పద్ధతి (ప్రొజెక్షన్) కస్టమర్‌ది థర్డ్ యాంగిల్, మన దగ్గర ఫస్ట్ యాంగిల్ అలవాటు, కాబట్టి టైటిల్ బ్లాక్‌లో (డ్రాయింగ్ వివరాలుండే పెట్టెలో) ప్రొజెక్షన్ గుర్తు కూడా చేర్చాం.