అప్‌డేట్: జంట కార్డులిచ్చినా పిల్లలు ఇంగ్లిష్‌లో అడగడం లేదు (పరిష్కారం దొరికింది)

శ్రీకాకుళం బస్టాండు నుంచి వెళ్లే బస్సుల టైములతో ఏడో తరగతికి చేసిన జంట కార్డుల గురించి ఇక్కడ అడిగాను. జంటలో ఇద్దరికీ చెరో కార్డు, ఒకరి కార్డులో ఖాళీగా ఉన్న టైము రెండోవాళ్ల కార్డులో ఉంటుంది, ఇంగ్లిష్‌లో అడిగి నింపుకోవాలి. పిల్లలు ప్రశ్న అడగకుండా పక్కవాళ్ల కార్డు చూసి ఖాళీలు నింపేస్తున్నారని రాశాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసింది "చివర్లో ఒక నిర్ణయం పెట్టండి" అన్న సలహా. ఖాళీలు నింపడమే పనైతే చూసి రాయడమే సులువు, పిల్లలు అదే చేస్తారు. ఇప్పుడు ఒక్కో కార్డులో 6 బస్సులు, 3 టైములు ఖాళీ. జంటలో ఒకరి "ఎ" కార్డులో టెక్కలి, పలాస టైములుంటే రెండోవాళ్ల "బీ" కార్డులో నరసన్నపేట, ఇచ్ఛాపురం టైములుంటాయి. ఇద్దరూ కలిసి, పదింటిలోపు పలాస వెళ్లి మధ్యాహ్నానికి ఇచ్ఛాపురం చేరే దారి చెప్పాలి. కార్డు అడుగున "వాట్ టైం డజ్ ద ... బస్ లీవ్?" అన్న వాక్యం అచ్చువేశాను. అది లేకపోతే వెంటనే తెలుగులోకి దిగిపోతారు. టైముల్లో 6:15, 6:50 లాంటివి కావాలనే పెట్టాలి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ తేడా తెలియక "సే ఇట్ అగైన్, ప్లీజ్" అని వాళ్లంతట వాళ్లే అడుగుతున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

లామినేషన్, కలర్ ప్రింటు వల్ల ఏ తేడా లేదు, మామూలు జిరాక్స్ చాలు. పక్కవాళ్ల కార్డు కనపడకూడదని వీపులు ఆనించి కూర్చోబెడితే 40 మంది గదిలో గోల తప్ప మాట వినపడదు. మధ్యలో నోటుబుక్కు నిలబెడితే సరిపోతుంది.

బీ కార్డును వేరే రంగు కాగితం మీద తీయించండి, పంచేటప్పుడు కలిసిపోవు.