అప్‌డేట్: నట్టల మందు వేసాక మోషన్స్ పట్టుకున్న పిల్లికూన ఇప్పుడు ఓకే

మొన్న అడిగా కదా, ఏడు వారాల పిల్లికూనకి పైరాంటెల్ సిరప్ (నట్టల మందు) పట్టిన రాత్రి నుంచి నీళ్ళ మోషన్స్ అవుతున్నాయి, ఒకసారి వాంతి కూడా అయింది, ఆగాలా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలా అని. మీలో కొందరు ఒక రోజు చూడమన్నారు, చూసా, కానీ రెండో రోజు పొద్దున్న గిన్నె దగ్గరికే రాలేదు, మెడ వెనక చర్మం పట్టి వదిలితే వెంటనే దిగకుండా గుడారంలా అలాగే నిలబడింది, చిగుళ్ళు ముట్టుకుంటే జిగటగా ఉన్నాయి, అంటే ఒంట్లో నీళ్ళు తగ్గిపోయాయన్నమాట, ఇంక ఆగలేదు, అట్టపెట్టెలో తువ్వాలు వేసి ఆటో ఎక్కేసా.

డాక్టర్ గారు ముందు తూకం వేసారు, 610 గ్రాములు. చర్మం కింద సెలైన్ ఎక్కించారు (వీపు మీద చిన్న మూపురంలా ఉబ్బింది, హడలిపోయా, సాయంత్రానికి తగ్గిపోయింది). మందు వేసాక ఒకట్రెండు రోజులు లూజ్‌గా అవ్వడం, ఉడికిన సేమ్యాలా పురుగులు పడటం మామూలేనట. కానీ ఇంత చిన్నది తిండి మానేసినా, డల్ అయినా, రక్తం కనపడినా, వాంతులు ఆగకపోయినా ఆ రోజే తీసుకురావాలన్నారు. నా తప్పూ ఉందిలెండి, నీరసంగా ఉందని ఆవుపాలు పోసా, అవి ఇంకా ఎక్కువ చేసాయంట. మన మాత్రలు అస్సలు వద్దు, పారాసిటమాల్ అయితే పిల్లులకి విషమే అని రెండుసార్లు చెప్పారు.

ఇప్పుడు ఉప్పు లేకుండా ఉడకబెట్టిన చికెన్ కొంచెం కొంచెం పెడుతున్నా. నిన్న మోషన్ గట్టిపడింది, పొద్దున్నుంచి నా చెప్పు కొరుకుతోంది. రెండు వారాలకి మళ్ళీ డోస్ ఉంది, ఈసారి తూకం వేయించి, దాని ప్రకారమే వేయిస్తా.