సోయా నూనె ఆక్సిడేషన్ పరీక్షలో నిలబడటం లేదు, యాంటీఆక్సిడెంట్ బీహెచ్‌టీ పెంచాలా?

ల్యాబ్_బెంచ్:
ట్రాన్స్‌ఫార్మర్ కోసం సోయా నూనె మీద పని చేస్తున్నాను. ట్రాన్స్‌ఫార్మర్లలో వాడే సహజ నూనెల ప్రమాణం ఐఈసీ 62770 ప్రకారం రాగి తీగ వేసి, 120 డిగ్రీల దగ్గర 48 గంటలు గాలి పంపాక ఆమ్లత్వం (గ్రాము నూనెకు మి.గ్రా. కేఓహెచ్ లెక్కన) 0.6 దాటకూడదు, స్నిగ్ధత (చిక్కదనం) 30 శాతం మించి పెరగకూడదు. రెండూ దాటిపోతున్నాయి. బీహెచ్‌టీ ఇంకా కలపనా? టెన్షన్‌గా ఉంది.

కొవ్వు_ఆమ్లం:
ముందు నూనె సంగతి చూడండి. నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో ఒలీయిక్‌తో పోలిస్తే లినోలియిక్ సుమారు 10 రెట్లు, లినోలెనిక్ 25 రెట్లు వేగంగా ఆక్సిడైజ్ అవుతాయని లెక్క. సోయాలో దాదాపు సగం లినోలియిక్కే, పైగా కొంత లినోలెనిక్ కూడా ఉంటుంది. హై ఒలీయిక్ రకానికి మారితే సగం బాధ తీరుతుంది. అలాగని సంతృప్త కొవ్వు ఎక్కువున్న నూనె జోలికి పోకండి. నేను పామ్ నూనెతో మొదలుపెట్టాను. ఆక్సిడేషన్‌కు బాగా తట్టుకుంది గానీ, చలికి గడ్డకట్టింది.

ల్యాబ్_బెంచ్:
నూనె మార్చే వీలు లేదండీ.

పాత_చేయి:
క్లే ట్రీట్‌మెంట్ (మలినాలను పీల్చే మట్టితో నూనె శుద్ధి) ఎప్పుడు చేస్తున్నారు?

ల్యాబ్_బెంచ్:
బీహెచ్‌టీ కలిపాక. టాన్ డెల్టా (నూనెలో విద్యుత్ నష్టం కొలత) తగ్గాలని. ఆ తర్వాత వేడి చేసి వాక్యూమ్‌లో ఆరబెడతాను.

పాత_చేయి:
అయితే వరుస తిరగేయండి. క్లే నూనెలో సహజంగా ఉండే యాంటీఆక్సిడెంట్ టోకోఫెరాల్‌ను లాగేసుకుంటుంది, మీరు కలిపినదాన్నీ కొంత పట్టుకోవచ్చు. వేడి వాక్యూమ్‌లో బీహెచ్‌టీ ఆవిరైపోతుంది కూడా. మీరు ఎంత కలిపారన్నది కాదు, చివరికి నూనెలో ఎంత మిగిలిందన్నది చూడాలి. శుద్ధి, ఆరబెట్టడం అయ్యాకే కలపండి. సోయాకు టీబీహెచ్‌క్యూ అనే మరో యాంటీఆక్సిడెంట్ ఇంకా బాగా పనిచేస్తుంది. దానికి తోడు సిట్రిక్ ఆమ్లం చాలా కొద్దిగా వేయండి. సిట్రిక్ ఆక్సిడేషన్‌ను వేగం చేసే రాగి అయాన్లను కట్టేస్తుంది, బీహెచ్‌టీ, టీబీహెచ్‌క్యూ లాంటి ఫినాల్ ఆక్సిడేషన్‌ను నడిపే రాడికల్స్‌ను ఆపుతుంది. ఒకదాని పని ఇంకోటి చేయదు. సిట్రిక్ నూనెలో సరిగ్గా కరగదు, ఎక్కువైతే ఆమ్లత్వం మీరే పెంచినట్టవుతుంది.

ఫీల్డ్_ఇంజనీర్:
ఏం కలిపినా గాలి తగిలితే లాభం లేదు. రిపేరు కోసం కాయిల్ బయటికి తీసి చాలా రోజులు అలాగే వదిలేశాం. కాగితం మీది పలుచని నూనె పొర బంకలా తయారైంది, తుడిస్తే రాలేదు. అప్పటినుంచి సీల్డ్ ట్యాంకు, నైట్రోజన్ తప్ప ఇంకో మాట లేదు. ఇంకోటి: సర్వీసులో ఆమ్లత్వం పెరిగిందని వెంటనే ఆక్సిడేషన్ అనుకోకండి. తేమతో నూనె విడిపోయే హైడ్రాలిసిస్ వల్ల కూడా పెరుగుతుంది. స్నిగ్ధత కూడా పెరిగితేనే అనుమానించాలి.

ల్యాబ్_బెంచ్:
వరుస మార్చి, బీహెచ్‌టీ మోతాదు అంతే ఉంచి మళ్లీ చేశాను. స్నిగ్ధత హద్దులోకి వచ్చింది! ఆమ్లత్వం ఇంకా కాస్త ఎక్కువే. సిట్రిక్‌తో టీబీహెచ్‌క్యూ బ్యాచ్ రేపు పెడుతున్నాను, ఫలితం ఇక్కడే రాస్తాను.